మొబైల్ బిల్లులో అనుకోని విదేశీ కాల్ ఛార్జీ: ఒక్క వరుసను పట్టుకొని అభ్యంతరం చెప్పే పద్ధతి

మా పక్కింటి మాస్టారు పోయిన చలికాలంలో ఒకనాటి సాయంత్రం తన మొబైల్ బిల్లు అచ్చు తీసుకొని మా గుమ్మంలోకి వచ్చారు. నెలనెలా 500 రూపాయలు దాటని పోస్ట్‌పెయిడ్ బిల్లు ఆ నెల 1,900 దాటింది. అప్పటికే ఆయన కస్టమర్ కేర్‌కు మూడుసార్లు ఫోన్ చేశారు, మూడుసార్లూ "కాల్ మీ నంబరు నుంచే వెళ్లింది సార్" అన్న జవాబే వచ్చింది. "అమెరికాలో ఉన్న మా అబ్బాయితో తప్ప విదేశాల్లో నేను ఎవరితోనూ మాట్లాడను, అది కూడా వాట్సాప్‌లోనే" అన్నది ఆయన వాదన. బిల్లు రెండో పేజీ తిప్పి చూస్తే ఇద్దరూ నిజమే చెబుతున్నారని తేలింది. రాత్రి 10 గంటలు దాటాక +1 876తో మొదలయ్యే ఒక నంబరుకు 22 నిమిషాల కాల్, 1,200 రూపాయల ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 216 రూపాయలు. ఆ నంబరు నుంచి మిస్డ్ కాల్ వస్తే, ముందు +1 ఉంది కదా, అబ్బాయి కొత్త నంబరేమో అనుకొని మాస్టారు తిరిగి చేశారు. అవతల రింగ్ అవుతున్నట్టే వినిపించిందట, ఎవరూ పలకకపోయేసరికి ఫోన్‌ను బల్ల మీద పెట్టి భోజనానికి లేచారు. +1 కోడ్ ఒక్క అమెరికాది కాదు. కెనడాతో పాటు కరీబియన్ ద్వీప దేశాలు చాలావరకు ఆ కోడ్ కిందే ఉన్నాయి, వాటిలో 876 జమైకాది.

మాస్టారు చేసిన పొరపాటు తిరిగి కాల్ చేయడం ఒక్కటే కాదు, "నేను చేయలేదు" అన్న మాట మీదే మూడు ఫోన్లు ఖర్చుపెట్టడం కూడా. కాల్ వెళ్లినట్టు కంపెనీ దగ్గర రికార్డు ఉన్నప్పుడు ఆ మాటతో తగాదా ఒక్క అడుగు ముందుకు పడదు. ఇలాంటి బిల్లు వచ్చినప్పుడు మొత్తం బిల్లు మీద కోపం పెట్టుకోకుండా, తేడా తెచ్చిన ఆ ఒక్క వరుస ఏ రకం ఛార్జీయో, అది ఎలా పుట్టిందో ముందుగా తేల్చుకొని, దానికి తగిన అభ్యంతరాన్నే రాతపూర్వకంగా చెప్పాలి. కింద చెప్పే పద్ధతి అంతా దాని చుట్టూ తిరిగేదే.

వరుసను చదవడం

ఎస్ఎంఎస్‌లో వచ్చే మొత్తాన్ని, యాప్ మొదటి తెరపై కనిపించే సారాంశాన్ని చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. కంపెనీ యాప్ నుంచి గానీ ఈ-మెయిల్ నుంచి గానీ బిల్లు పీడీఎఫ్‌ను దించుకొని, కాల్స్ వివరాలు ఒక్కొక్కటిగా ఉన్న పేజీలు అందులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ముందు ఆ వివరాల బిల్లునే అడగండి. ప్రీపెయిడ్ వారికి బిల్లు రాదు కాబట్టి, బాలెన్స్ ఉన్నట్టుండి తగ్గిపోయినా ఎందుకో తెలియదు. వారు కూడా గత 6 నెలల్లోని వాడకానికి ఇలాంటి వివరాలు అడగవచ్చు, దానికి కంపెనీ 50 రూపాయలకు మించి తీసుకోకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నాటి నిబంధనల్లో ఉంది.

విదేశీ ఛార్జీలన్నీ ఒకే జాతివి కావు. మన దేశంలో ఉండి విదేశీ నంబరుకు చేసిన కాల్ ఐఎస్‌డీ. విదేశంలో ఉండి మన సిమ్‌తో మాట్లాడినది, అందుకున్నది, వాడిన డేటా, పంపిన ఎస్ఎంఎస్ అంతర్జాతీయ రోమింగ్ కిందికి వస్తాయి, రోమింగ్‌లో ఇన్‌కమింగ్ కాల్‌కు కూడా ఛార్జీ పడుతుంది. ఐఎస్‌డీ ఎస్ఎంఎస్ ఇంకో పద్దు. ఈ మూడింటిలో ఏ శీర్షిక కింద ఆ వరుస పడిందో చూడకుండా ఫిర్యాదు చేస్తే, ఐఎస్‌డీ ప్యాక్ గురించి మీరు మాట్లాడుతుంటే రోమింగ్ ప్యాక్ గురించి అవతలివారు జవాబు చెబుతారు, పది నిమిషాలు గడిచినా మాట కుదరదు.

రోమింగ్ వరుసల్లో సమయం విషయంలో జాగ్రత్త అవసరం. విదేశీ నెట్‌వర్క్ తన రికార్డును మన కంపెనీకి పంపుతుంది, అందులో సమయం సాధారణంగా ఆ దేశపు స్థానిక గడియారం ప్రకారం ఉంటుంది. దుబాయ్ మనకంటే గంటన్నర, సింగపూర్ రెండున్నర గంటలు తేడాగా ఉంటాయి కనుక, "ఆ సమయానికి నేను విమానంలో ఉన్నాను" అనేముందు ఆ తేడా లెక్క కట్టి చూసుకోండి. పైగా ఆ రికార్డులు ఆలస్యంగా చేరడం మామూలే, అందువల్ల ప్రయాణం ముగిసిన నెలలో కాకుండా దాని తరువాతి బిల్లులో ఛార్జీ కనిపించినంత మాత్రాన అది తప్పుడు ఛార్జీ అయిపోదు.

ఆ కాల్ ఎలా పుట్టి ఉంటుంది

నేను చూసిన బిల్లుల్లో ఎక్కువ వాటికి కారణం చాలా చిన్నది. వాట్సాప్‌లో మాట్లాడుతున్నాం అనుకుంటూ మామూలు డయలర్ నుంచి కాల్ చేయడం. కాంటాక్టుల్లో పేరు నొక్కితే వాట్సాప్ గుర్తు, మామూలు ఫోన్ గుర్తు పక్కపక్కనే కనిపిస్తాయి, చూపు మందగించిన పెద్దవారికి రెండూ ఒకేలా ఉంటాయి. ఫోన్‌లోని కాల్ లాగ్ తెరిచి, బిల్లులో ఉన్న తేదీకి, నిమిషానికి ఆ పేరు కనిపిస్తే అభ్యంతరానికి పెద్దగా బలం ఉండదు. గల్ఫ్ కుటుంబాల సంగతి వేరు. దుబాయ్, అబూధాబీల్లో వాట్సాప్ కాల్స్ సాగవు కనుక జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు ఇళ్లలో చాలామంది ఐఎస్‌డీ ప్యాక్ వేసుకొని మామూలు కాల్సే చేస్తారు. అక్కడ బిల్లు పెరగడానికి ప్యాక్ గడువు అర్ధరాత్రికే ముగిసిపోవడమో, ఆ ప్యాక్ కువైట్‌కు వర్తించి ఖతర్‌కు వర్తించకపోవడమో కారణమై ఉంటుంది.

మాస్టారికి తగిలిన మిస్డ్ కాల్ మోసం ప్రపంచమంతా ఉన్నదే, జపాన్‌లో పుట్టిన పేరుతో దీన్ని వాంగిరి అంటారు, అంటే ఒక్కసారి మోగించి కోసేయడం. విదేశానికి వెళ్లే ప్రతి కాల్‌కు అక్కడి నెట్‌వర్క్‌కు మన కంపెనీ కొంత చెల్లించాలి. ఆ చెల్లింపు ఎక్కువగా ఉండే దేశాల నంబర్లను తీసుకొని, అందులో వాటా పంచుకునేవారు ఈ మోసం చేస్తారు. అవతల రింగ్ అవుతున్నట్టు వినిపించేది ఒక్కోసారి రికార్డు చేసిన శబ్దమే, కాల్ ఎత్తినట్టు లెక్క అప్పటికే మొదలై ఉంటుంది. కోడ్ చూసి మోసపోవడం సులభం. +1 268 ఆంటిగ్వా, +1 473 గ్రెనడా, +1 809 డొమినికన్ రిపబ్లిక్. +7 రష్యాతో పాటు కజకిస్తాన్‌ది కూడా. +44 అంటే బ్రిటన్ అనుకుంటాం గానీ జెర్సీ, గ్వెర్న్‌సీ, ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపాల మొబైల్ నంబర్లు కూడా +44తోనే మొదలవుతాయి, బ్రిటన్ ప్యాక్ వాటికి వర్తించకపోవచ్చు. +870, +881, +882 అసలు దేశాలవే కావు, అవి శాటిలైట్, అంతర్జాతీయ నెట్‌వర్క్‌ల కోడ్‌లు, వాటి రేట్లు మామూలు దేశాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

దీనికి సంబంధించి మన ఊళ్ల ఎస్‌టీడీ కోడ్‌లతో వచ్చే చిక్కు ఒకటి ఉంది. వరంగల్ కోడ్ 0870. ఎవరైనా ఆ ల్యాండ్‌లైన్ నంబరును సేవ్ చేసేటప్పుడు 91 రాయడం మరచి, ముందున్న సున్నాను తీసేసి + పెడితే అది +870 అవుతుంది, అంటే ఇన్‌మార్‌సాట్ శాటిలైట్ ఫోన్ల కోడ్. విజయవాడ 0866, గుంటూరు 0863, నెల్లూరు 0861 కోడ్‌లను ఇలాగే రాస్తే మూడూ +86తో మొదలై చైనా దారి పడతాయి. హైదరాబాద్ 040కి ముందు ఇంకో సున్నా నొక్కితే 0040, అది రొమేనియా. 9440తో మొదలయ్యే మొబైల్ నంబరుకు 91 లేకుండా + తగిలిస్తే శ్రీలంక కోడ్ +94 అవుతుంది. అంకెల సంఖ్య సరిపోక ఇలాంటి కాల్స్ చాలావరకు కలవవు, కానీ బిల్లులో మీకు బొత్తిగా పరిచయం లేని దేశం కనిపించినప్పుడు, ఆ నంబరు చివరి ఆరేడు అంకెలను మీ కాంటాక్టుల్లో వెతికి చూడడం అర నిమిషం పని. అది మీకు తెలిసిన డాక్టరుగారి క్లినిక్ నంబరే కావచ్చు.

ఐఫోన్ వాడేవారి బిల్లులో +44 నంబరుకు ఒకటో రెండో ఐఎస్‌డీ ఎస్ఎంఎస్‌లు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఆన్ చేసినప్పుడు, సిమ్ మార్చినప్పుడు నంబరును నిర్ధారించడానికి ఫోన్ తనంతట తానే అలాంటి సందేశం పంపుతుంది. మొత్తం చిన్నదే, అడిగితే తీసేసిన సందర్భాలూ ఉన్నాయి, కానీ దానికోసం అప్పీలు వరకు వెళ్లడం దండగ.

ఇల్లు కదలకుండానే రోమింగ్ పడిందంటే అనుమానించాల్సిందే, అయితే యాత్రలు చేసేవారు ఒక సంగతి గుర్తు తెచ్చుకోవాలి. రామేశ్వరం వెళ్లి ధనుష్కోటి చివరి వరకు నడిచినవారి ఫోన్లు అక్కడ శ్రీలంక నెట్‌వర్క్‌ను పట్టుకోవడం చాలామందికి అనుభవమే. కాశీ నుంచి బస్సులో పశుపతినాథ్‌కు వెళ్లినవారికి నేపాల్ సరిహద్దులోనూ ఇదే జరుగుతుంది. విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టకుండా నిద్రపోతే విమానంలోని మొబైల్ నెట్‌వర్క్‌కు ఫోన్ తగులుకోవచ్చు, దేశాల కోసం తీసుకున్న రోమింగ్ ప్యాక్ దానికి వర్తిస్తుందో లేదో ప్యాక్ షరతుల్లోనే చూడాలి. అమెరికాలో కొడుకు ఇంట్లో ఉండి, వైఫై కాలింగ్ ద్వారా అక్కడి పక్క వీధి దుకాణానికి ఫోన్ చేసినా, మన సిమ్ లెక్కలో అది ఇండియా నుంచి అమెరికాకు చేసిన ఐఎస్‌డీ కాల్‌గా పడే అవకాశం ఉంది.

మిగిలింది కాల్ ఫార్వర్డింగ్. కొరియర్ నుంచి అనో కంపెనీ నుంచి అనో చెప్పి ఏదో కోడ్ నొక్కించి, మీకు వచ్చే కాల్స్‌ను మరో నంబరుకు మళ్లించే మోసం కొన్నేళ్లుగా ఉంది. మళ్లిన కాల్ ఖర్చు మీ బిల్లులోనే పడుతుంది, ఆ కాల్ చేరే నంబరు విదేశానిదైతే ఛార్జీ కూడా ఐఎస్‌డీదే. ఇలాంటి కోడ్‌ల ద్వారా ఫార్వర్డింగ్ పెట్టే సదుపాయాన్ని టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయించింది, కానీ ఫోన్ సెట్టింగుల్లో ఆ వీలు ఇంకా ఉంటుంది. మీరు చేయని కాల్స్ వరుసగా పది పదిహేను కనిపిస్తే ముందు ఆ సెట్టింగు తెరిచి చూడండి, ఏదైనా తెలియని నంబరు ఉంటే స్క్రీన్‌షాట్ తీసుకున్న తరువాతే దాన్ని తొలగించండి. అప్పుడు ఇది బిల్లు తగాదా మాత్రమే కాదు, సైబర్ నేరం కనుక 1930కి కూడా ఫిర్యాదు చేయాలి.

ఏది కంపెనీ తప్పు, ఏది కాదు

కారణం తెలిశాక అభ్యంతరం తీరు దానంతట అదే తేలుతుంది. ప్యాక్ చెల్లుబాటులో ఉండగానే మామూలు రేటు వేశారా, ఒకే కాల్ రెండుసార్లు పడిందా, మీరు దేశం దాటని రోజుల్లో రోమింగ్ వేశారా, మీ ఫోన్ లాగ్‌లో లేని కాల్ బిల్లులో ఉందా? ఇవి అసలైన బిల్లింగ్ తప్పులు, వీటిలో సొమ్ము వెనక్కి ఇమ్మని అడగడం మీ హక్కు. ప్యాక్ యాక్టివేట్ అయినట్టు వచ్చిన ఎస్ఎంఎస్, పాస్‌పోర్టులో ముద్ర పడిన పేజీ, బోర్డింగ్ పాస్, కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ వీటికి ఆధారాలు. కాల్ లాగ్ పాతబడేకొద్దీ చెరిగిపోతుంది కాబట్టి బిల్లు చూసిన రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. "ఆ రికార్డులు మా దగ్గర ఇప్పుడు లేవు" అని కంపెనీ చెబితే ఒప్పుకోనక్కరలేదు. కాల్ వివరాల రికార్డులను కనీసం రెండేళ్లు భద్రపరచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు షరతుల్లో మార్పు చేసింది.

కాల్ నిజంగా మీ ఫోన్ నుంచే, మీ చేతి మీదుగానే వెళ్లి ఉంటే దాన్ని దాచకండి. మాస్టారి విషయంలో మేము చేసింది అదే. కాల్ చేశానని ఒప్పుకొని, వేరే రెండు ప్రశ్నలు అడిగాం. మొదటిది, ఈ నంబరుకు ఐఎస్‌డీ సదుపాయం ఎప్పుడు, ఎవరి సమ్మతితో మొదలైంది? ప్రీపెయిడ్ కనెక్షన్లకు వినియోగదారు స్పష్టంగా ఒప్పుకోకుండా ఐఎస్‌డీ ఇవ్వరాదని, తెలియని విదేశీ మిస్డ్ కాల్స్ గురించి హెచ్చరించాలని 2012లో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. పోస్ట్‌పెయిడ్‌లో అంత స్పష్టమైన ఆధారం లేకపోయినా ప్రశ్న అడగడానికి అడ్డేమీ లేదు. రెండోది, నా క్రెడిట్ లిమిట్, అంటే బిల్లు కట్టేలోపు బాకీ మీద వాడుకోగల హద్దు, ఎంత, వాడకం అందులో 80 శాతానికి చేరినప్పుడు నాకు హెచ్చరిక పంపారా? పోస్ట్‌పెయిడ్ వినియోగదారుకు క్రెడిట్ లిమిట్ సంగతి ముందే తెలపాలన్న ట్రాయ్ ఆదేశం 2005 నుంచే ఉంది. హెచ్చరిక వచ్చి ఉంటే ఈ వాదన నిలవదు, రాకపోతే మీ చేతిలో ఇంతకంటే గట్టి మాట మరొకటి ఉండదు.

ఫిర్యాదు, డాకెట్ నంబరు, ఉత్తరం

198 టోల్‌ఫ్రీ నంబరు ఫిర్యాదులకు, 121 సాధారణ సమాచారానికి. 121కి చేసి అరగంట మాట్లాడినా అది ఫిర్యాదుగా నమోదు కాకపోవచ్చు. 198కి చేసి, బిల్లులోని వరుసను తేదీ, సమయం, నంబరు, మొత్తంతో సహా చదివి, "దీన్ని బిల్లింగ్ ఫిర్యాదుగా నమోదు చేసి డాకెట్ నంబరు చెప్పండి" అని అడగండి. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, ఎస్ఎంఎస్‌లో కూడా వస్తుంది, దాన్ని చెరపకండి. ముందుకు వెళ్లే మెట్లన్నీ ఆ నంబరు మీదే కట్టి ఉన్నాయి. అది లేకుండా ఎన్నిసార్లు మాట్లాడినా లెక్కలోకి రాదు. మాస్టారు చేసిన మూడు ఫోన్లకు ఒక్క డాకెట్ నంబరు కూడా లేదని ఆ రోజు తెలిసింది.

ఫోన్‌లో చెప్పినదాన్నే అదే రోజు ఈ-మెయిల్‌లో కూడా పంపండి. బాధ, కోపం, ఎన్నేళ్లుగా కస్టమర్‌గా ఉన్నామన్న చరిత్ర అందులో వద్దు. మేము రాసిన ఉత్తరం దాదాపు ఇలా ఉంది:

"నా మొబైల్ నంబరుకు సంబంధించిన ఈ నెల బిల్లులో రెండో పేజీలో ఉన్న ఒక ఐఎస్‌డీ కాల్ ఛార్జీపై అభ్యంతరం తెలుపుతున్నాను. ఆ కాల్ +1 876తో మొదలయ్యే నంబరుకు 22 నిమిషాలు సాగినట్టు చూపి 1,200 రూపాయలు, దానిపై జీఎస్‌టీ 216 రూపాయలు వేశారు. ఆ నంబరు నుంచి వచ్చిన మిస్డ్ కాల్‌కు నేను తిరిగి కాల్ చేశాను, అవతల ఎవరూ మాట్లాడలేదు. నా కనెక్షన్‌కు ఐఎస్‌డీ సదుపాయం ఏ తేదీన, ఏ విధమైన సమ్మతితో ప్రారంభమైందో, నా క్రెడిట్ లిమిట్ ఎంతో, అందులో 80 శాతం దాటినప్పుడు నాకు పంపిన హెచ్చరిక తేదీ, సమయం ఏమిటో రాతపూర్వకంగా తెలపండి. ఈ నంబరుపై మోసపు కాల్స్ ఫిర్యాదులు మీకు వచ్చాయేమో పరిశీలించి, 1,416 రూపాయలను రద్దు చేయండి. బిల్లులో మిగిలిన మొత్తాన్ని ఈ రోజే చెల్లిస్తున్నాను. ఫిర్యాదు తేలేవరకు ఈ మొత్తంపై ఆలస్య రుసుము వేయవద్దని, సేవలు నిలిపివేయవద్దని కోరుతున్నాను. డాకెట్ నంబరు కింద ఇచ్చాను."

చివరి రెండు మూడు వాక్యాలను తేలిగ్గా తీసుకోవద్దు. వివాదం లేని మొత్తాన్ని గడువులోగా కట్టేయడం వల్ల మీరు బాకీ ఎగ్గొట్టేవారు కాదని కాగితం మీద ఉంటుంది. కోపంతో నంబరును మరో కంపెనీకి మార్చుకోవాలనుకున్నా, గడువు దాటిన బకాయి ఉంటే పోస్ట్‌పెయిడ్ పోర్టింగ్ అభ్యర్థన తిరస్కరణకు గురవుతుంది. ఆటోపే పెట్టుకున్నవారికి ఇంకో చిక్కు ఉంది. 15,000 రూపాయల వరకు ఆటోపే బిల్లులకు ఓటీపీ అడగకుండానే సొమ్ము కట్ అవుతుంది, అయితే రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం అంతకు 24 గంటల ముందు సమాచారం రావాలి. ఆ సందేశంలో మొత్తం ఎప్పటికంటే ఎక్కువగా కనిపిస్తే ఆ ఒక్క చెల్లింపును ఆపి, బిల్లు చూసి, వివాదం లేని భాగాన్ని మీ చేత్తో కట్టండి. సొమ్ము వెళ్లిపోయాక అడగడం, వెళ్లకముందు అడగడం ఒకటి కావు.

గడువులు, అప్పీలు

బిల్లింగ్ ఫిర్యాదులు తేలడానికి నాలుగు వారాల నుంచి ఆరు వారాల వరకు పట్టవచ్చు. ఈలోపు "మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అన్న ఎస్ఎంఎస్ ఒకటి వచ్చి, సొమ్ము మాత్రం రాకపోవడం మామూలు. ఆ సందేశాన్ని చూసి మళ్లీ 198కి చేసి కొత్త డాకెట్ తీసుకోవడం చాలామంది చేసే పని, దానివల్ల గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. ఆ జవాబు నచ్చకపోయినా, గడువు దాటినా జవాబు రాకపోయినా, అదే డాకెట్ నంబరుతో 30 రోజుల్లోగా ఆ కంపెనీలోని అప్పీలు అధికారికి అప్పీలు చేయాలి. దీనికి రుసుము లేదు, ఈ-మెయిల్‌లో పంపినా చాలు. అధికారి చిరునామా కంపెనీ వెబ్‌సైట్‌లోనూ, ట్రాయ్ నడిపే ఫిర్యాదుల పోర్టల్‌లోనూ ఉంటుంది. తెలంగాణవారు వెతికేటప్పుడు తెలంగాణ పేరు కనిపించలేదని తికమక పడవద్దు, టెలికాం లైసెన్సుల లెక్కలో రెండు రాష్ట్రాలూ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందే ఉన్నాయి.

అప్పీలులో మొదటి ఉత్తరాన్నే మళ్లీ పంపకండి. కంపెనీ ఇచ్చిన జవాబులో ఏ ప్రశ్నకు సమాధానం రాలేదో ఒక్కొక్కటిగా చూపండి. అప్పీలును పరిశీలించే ఇద్దరు సభ్యుల సలహా సంఘంలో ఒకరు ట్రాయ్ దగ్గర నమోదైన వినియోగదారుల సంస్థ నుంచి వస్తారు, కాబట్టి జవాబు రాని ప్రశ్నలు అక్కడ కనిపిస్తాయి. 39 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. మాస్టారి ఉత్తరానికి అప్పీలు దాకా వెళ్లకుండానే ఐదో వారంలో జవాబు వచ్చింది. ఐఎస్‌డీ సమ్మతి గురించి ఒక్క మాట లేదు గానీ, సౌహార్దంగా అంటూ సగం మొత్తాన్ని తరువాతి బిల్లులో జమ చేస్తామన్నారు. ఆయన అక్కడితో సరిపెట్టుకున్నారు. నేనైతే మిగతా సగానికి అప్పీలు వేసేవాణ్ని, కానీ బిల్లు ఆయనది.

కంపెనీ గడప దాటాక

ట్రాయ్‌కు నేరుగా రాస్తే పని జరుగుతుందని చాలామంది అనుకుంటారు. వ్యక్తిగత ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పే అధికారం ట్రాయ్‌కు లేదు, రాసినా దాన్ని కంపెనీకే పంపుతుంది. అప్పీలు కూడా తేలకపోతే టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగానికి కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ద్వారా రాయవచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. 1915 వారు తీర్పు ఇవ్వరు, కంపెనీతో మధ్యవర్తిగా మాట్లాడతారు, చిన్న మొత్తాలకు అది చాలాసార్లు సరిపోతుంది.

వినియోగదారుల కమిషన్ సంగతిలో కొన్నేళ్లు గందరగోళం ఉండేది. టెలిఫోన్ బిల్లుల తగాదాలు పాత టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే, వెళ్లాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పడంతో కంపెనీలు ఆ తీర్పునే చూపి కేసులు కొట్టేయించేవి. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ అడ్డు తొలగించింది. ఆ కేసు కూడా ఒక బిల్లు గురించినదే. అహ్మదాబాద్‌లో ఫిర్యాదు వేసిన ఒక పోస్ట్‌పెయిడ్ వినియోగదారుకు సగటున 555 రూపాయలు వచ్చే చోట, 2013 నవంబరు, డిసెంబరు మధ్య ఒక్క నెలకు 24 వేల రూపాయలు దాటిన బిల్లు వచ్చింది. ప్రైవేటు టెలికాం కంపెనీ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని ఆ కేసులో తేలిపోయింది. ఇప్పుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు, కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి, న్యాయవాది తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. 1,400 రూపాయల కోసం కమిషన్ మెట్లెక్కడం అందరికీ గిట్టుబాటు కాదు. టెలిఫోన్ సేవలు ప్రజోపయోగ సేవల్లో ఉన్నాయి కాబట్టి శాశ్వత లోక్ అదాలత్ మరో దారి. అక్కడ ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే వారే నిర్ణయిస్తారు. అయితే అదే విషయంపై కోర్టుకు వెళ్లకముందే అక్కడికి వెళ్లాలి.

సొమ్ము తిరిగి ఇస్తామని ఏ దశలో ఒప్పుకున్నా, ఆ తరువాతి బిల్లును మళ్లీ పేజీ తిప్పి చూడండి. జమ ఒక వారంలో ఖాతాలో కనిపించాలి. ఛార్జీని తగ్గించి దాని మీది జీఎస్‌టీని వదిలేయడం నేను రెండు బిల్లుల్లో చూశాను, 1,200 రద్దయితే 216 కూడా రద్దు కావాలి. అదే రోజు 198కి చేసి ఐఎస్‌డీ, అంతర్జాతీయ రోమింగ్ రెండింటినీ మూసేయమని అడిగి, దానికి కూడా ఒక నంబరు తీసుకోండి. మాస్టారి ఫోన్‌లో మేము ఆ రెండూ మూయించి, అబ్బాయి నంబరును మామూలు కాంటాక్టుల్లోంచి తీసేసి, తెరపై వాట్సాప్ కాల్‌కు నేరుగా వెళ్లే గుర్తు ఒకటి పెట్టాం. జనవరి నెల ఛార్జీలు 471 రూపాయలే వచ్చాయి, అదే బిల్లులో సగం జమ వరుస ఉంది, దానితో పాటు 108 రూపాయల జీఎస్‌టీ కూడా.